చేత్తో వినండి

పొద్దున్నే తార్నాక నుంచి ఉస్మానియా క్యాంపస్‌లోకి వాకింగ్‌కి వచ్చేవాళ్ళను చూడండి. చాలామంది చెవుల్లో పాట మోగుతూనే ఉంటుంది. మనసు మాత్రం అబ్బాయి వీసా దగ్గరో, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ గొడవ దగ్గరో ఉంటుంది. దయచేసి దీన్ని వినడం అనకండి.

యాభై దాటాక సంగీతం మీద కోరిక పుట్టిందంటే "ఇప్పుడేం గొంతు వస్తుందండీ?" అంటారు. గొంతు సంగతి ఎవరడిగారు? కచేరీలో కూర్చుని, అక్కడ ఏం జరుగుతోందో తెలిసి ఆనందించడం గురించి నేను చెబుతున్నది. అదీ సాధనతో వచ్చే విద్యే. ఏ వయసులోనైనా వస్తుంది.

క్యాంపస్‌లో ఆర్ట్స్ కాలేజీ భవనం ప్రారంభమైన 1939లోనే అమెరికాలో ఆరన్ కోప్లాండ్ అనే స్వరకర్త సంగీతంలో ఏం వినాలో చెబుతూ ఒక పుస్తకం తెచ్చాడు. న్యూయార్క్‌లోని న్యూ స్కూల్‌లో ఆయన చెప్పిన పాఠాలే దానికి మూలం. పాటను మూడు రకాలుగా వింటామంటాడాయన. నాదం చెవికి హాయినిస్తుంది, భావం మనసును తాకుతుంది. మూడోది, స్వరమూ లయా ఎలా అల్లుకున్నాయో పట్టుకోవడం. మనలో ఎక్కువమంది ఆ మూడోదాని జోలికే పోము.

నేనూ చాలా ఏళ్ళు పోలేదు. మా ఇంట్లో సంగీతమంటే రేడియోలో వచ్చేది, నేర్చుకునేవాళ్ళు వేరే ఉంటారు. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో ముందు వరుసవాళ్ళు తొడ మీద తాళం వేస్తుంటే నా చేతులు ఒళ్ళో ముడుచుకుపోయేవి. తప్పితే పక్కవాళ్ళు చూస్తారేమోనని బెరుకు. ఆ బెరుకు ఇప్పటికీ పూర్తిగా పోలేదు. అయినా వేస్తున్నాను. మీరూ వేయండి.

ఆదితాళంతో మొదలుపెట్టండి. అరచేత్తో తొడ మీద ఒక దెబ్బ. తర్వాత చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్యవేలు. నాలుగయ్యాయి. మళ్ళీ దెబ్బ, చెయ్యి వెల్లకిలా. ఇంకోసారి దెబ్బ, వెల్లకిలా. ఎనిమిది. ఒక ఆవర్తనం అంతే.

త్యాగరాజస్వామి పంచరత్న కీర్తనలు ఐదూ ఈ తాళంలోనే ఉన్నాయి. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ అంటూ రాగాలు మారతాయి గానీ చేతి లెక్క మారదు. ఒక్క కీర్తన, ఒక్కరి రికార్డింగు ఎంచుకుని నెల్లాళ్ళు రోజూ అదే వినండి. నడుస్తూ వద్దు, కూర్చుని వినండి. మొదట్లో లెక్క తప్పుతుంది. తప్పినచోట ఆపేయకండి, తర్వాతి దెబ్బ దగ్గర అందుకోండి. కొన్నాళ్ళకు ఒకటి తెలిసొస్తుంది: చరణాల్లో ముందు స్వరం పాడి, అదే వరసలో వెంటనే సాహిత్యం పాడుతున్నారని. అది మీ అంతట మీరు కనిపెట్టిన రోజు మీకెంత సంతోషం కలుగుతుందో నాకు తెలుసు.

విసుగొస్తుందా? రానివ్వండి. పదే పదే తారసపడేదాని మీద ఇష్టం పెరుగుతుందని 1968లోనే రాబర్ట్ జాయాన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త రాశాడు. నా అనుభవమూ అదే.

చెయ్యి కుదిరాక రాగం. 'మాయాబజార్'లో 'లాహిరి లాహిరి' మోహన. దీక్షితుల వారి 'వాతాపి గణపతిం' హంసధ్వని. రెండింటికీ ఐదేసి స్వరాలు. స రి గ ప రెంటిలోనూ ఉన్నాయి. మోహనలో ధైవతం వచ్చేచోట హంసధ్వనిలో నిషాదం. ఆ ఒక్క స్వరంతో పాట నడకంతా మారిపోతుంది. పేర్లు బట్టీ పట్టకండి, తేడా వినిపించేదాకా ఆ రెండే వినండి.

మిగతావి మామూలే. ఫోన్ వేరే గదిలో పెట్టండి. తోడుగా ఒక స్నేహితుణ్ణి కలుపుకోండి. పద్ధతిగా నేర్చుకోవాలంటే సికింద్రాబాద్‌లో భక్త రామదాసు పేరిట, రాంకోఠిలో త్యాగరాజు పేరిట ప్రభుత్వ సంగీత కళాశాలలున్నాయి, వెళ్ళి కనుక్కోండి. సిగ్గుపడకండి.

ఈసారి కచేరీకి వెళ్ళినప్పుడు గాయకుడి చెయ్యి కనిపించే కుర్చీ చూసుకోండి. ఆ చేతితో పాటే మీ చెయ్యీ కదలాలి. పాట ఆగి మృదంగం విడిగా మోగే తని ఆవర్తనం మొదలవగానే కాఫీకి లేచిపోతారే, ఆ పని మాత్రం మానండి. ఇన్నాళ్ళూ వేసిన లెక్క అక్కరకొచ్చేది అప్పుడే.