వెనుక లారీ వస్తుంటే బ్రేకు ఎలా వేయాలి?

ప్రశ్న: గాజువాక మీదుగా స్టీల్‌ప్లాంట్‌కు స్కూటర్‌పై షిఫ్టుకు వెళ్తుంటే, బ్రేకు వేసినప్పుడల్లా వెనుక వచ్చే పోర్టు లారీ మీదికి వచ్చేస్తుందేమోనని భయమేస్తోంది. ఏం చేయాలి?

జవాబు: ప్రమాదాన్ని చూసి, గుర్తించి, బ్రేకు నొక్కేలోపు గడిచే ప్రతిస్పందన సమయాన్ని భారతీయ రోడ్డు ప్రమాణాలు 2.5 సెకన్లుగా లెక్కిస్తాయి కనుక, గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే వాహనం బ్రేకు పడకముందే దాదాపు 42 మీటర్లు సాగిపోయి, పూర్తిగా ఆగడానికి మొత్తం 80 మీటర్ల వరకు తీసుకుంటుంది. వయసు, అలసట, మసక వెలుతురు ఈ సమయాన్ని ఇంకా పెంచుతాయి. అందువల్ల లారీ అద్దంలో డ్రైవరు ముఖం కనిపించని చోట, ముఖ్యంగా దాని ఎడమ పక్కన నడపకండి. ముందు వాహనానికి మూడు సెకన్ల ఎడం ఉంచి, బ్రేకును క్రమంగా వేయండి. నైట్ షిఫ్టు తర్వాత నిద్ర ముంచుకొస్తే బస్సెక్కండి. ఎదుటి దీపాల వెలుగుకు చూపు చెదురుతుంటే కంటి వైద్యుణ్ణి కలవండి. కూడలిలో సిగ్నల్ పనిచేయకపోతే ట్రాఫిక్ పోలీసులకు వెంటనే తెలియజేయండి.