తాడోబాలో పులి కోసం: మొదటిసారి వెళ్లేవారు ఏం చేయాలి?

పులిని చూడాలనుకునే హైదరాబాద్ వాళ్లు రాజస్థాన్ దాకా పోనక్కర్లేదు. మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో తాడోబా–అంధారీ పులుల అభయారణ్యం ఉంది. 1955లోనే జాతీయ పార్కు అయిన అడవి. మన కాగజ్‌నగర్, కవ్వాల్ వైపు నడిచొచ్చే పులుల్లో చాలావాటికి పుట్టిల్లు ఆ ప్రాంతమే.

ముందుగా గేటు ఎంచుకోండి. చాలామంది ఫొటోలు చూసి రిసార్టు బుక్ చేసేసి, ఆ తర్వాత సఫారీ గురించి ఆలోచిస్తారు. ఇక్కడ అది తలకిందుల వ్యవహారం. అడవికి దక్షిణాన మొహర్లీ గేటు. మనవైపు నుంచి వెళ్లేవారికి అదే వీలు. ఉత్తరాన కోలారా, నాగపూర్ మీదుగా వచ్చేవారికి అది దగ్గర. కోలారాలో గది తీసుకుని మొహర్లీలో సఫారీ పెట్టుకుంటే అడవి చుట్టూ తిరిగి రావాలి. తెల్లారి గేటు తీసే వేళకు చేరడం కల్లే.

తర్వాత సఫారీ బుకింగ్. మహారాష్ట్ర అటవీశాఖ వెబ్‌సైటులోనే, వీలైతే నెలల ముందే చేసుకోండి. జిప్సీలో ఆరుగురు పడతారు. డ్రైవరు, గైడు అదనం. పర్మిట్‌లో పేరు గుర్తింపు కార్డులో ఉన్నట్టే ఉండాలి, అసలు కార్డు వెంట ఉండాలి. మంగళవారం కోర్ ప్రాంతానికి సెలవు. జులై నుంచి సెప్టెంబరు దాకా వానల వల్ల కోర్ మూసేస్తారు.

కోర్ అంటే నడిమధ్యనున్న 625 చదరపు కిలోమీటర్ల అడవి. దాని చుట్టూ ఊళ్లు, పొలాలు కలిసిపోయిన అడవి బఫర్. కోర్‌లో చోటు దొరకలేదని ప్రయాణం మానుకునేవాళ్లను చూస్తే జాలేస్తుంది. అగర్‌జరీ, జునోనా లాంటి బఫర్ గేట్లలోనూ పులులు బాగానే కనిపిస్తాయి. పులికి మన సరిహద్దు గీతలతో పనేముంది? కోర్ రెండు, బఫర్ ఒకటి పెట్టుకుంటే మొదటిసారికి సరిపోతుంది. ఒక్క సఫారీతో సరిపెట్టుకుందామంటే మాత్రం లాటరీ టికెట్ కొన్నట్టే.

కాలం సంగతి. పులి కనబడే అవకాశం ఏప్రిల్, మే నెలల్లో ఎక్కువ. చెట్లు ఆకు రాల్చి ఉంటాయి, నీళ్లు కొద్ది చోట్లే మిగులుతాయి. కానీ చంద్రపూర్ ఎండ మామూలుది కాదు, 45 డిగ్రీలు దాటుతుంది. పిల్లలు, పెద్దవాళ్లు ఉంటే నవంబరు–ఫిబ్రవరి మేలు. అప్పుడు తెల్లవారుజామున పైకప్పు లేని జిప్సీలో చలి కోసేస్తుంది; శాలువా, మంకీ క్యాప్ మర్చిపోవద్దు.

రైలుకైతే కాజీపేట మీదుగా బల్లార్షా లేదా చంద్రపూర్‌లో దిగాలి. కారుకైతే మంచిర్యాల, ఆసిఫాబాద్, రాజురా దారి. చంద్రపూర్ నుంచి మొహర్లీ గంటలోపు ప్రయాణం.

ఇక జిప్సీ ఎక్కాక. కోర్‌లోకి సెల్‌ఫోన్ రానివ్వరు కాబట్టి ఫొటోలు కావాలంటే కెమెరా ఉండాలి. ముదురు ఆకుపచ్చ, ఖాకీ బట్టలు వేసుకోండి, సెంటు వద్దు. ఎక్కేముందే బాత్‌రూమ్‌కి వెళ్లిరండి, మధ్యలో దిగనివ్వరు.

కూర్చోగానే గైడుతో ఒక మాట చెప్పేయండి: ‘పులి కోసం పరిగెత్తొద్దు, నీళ్ల దగ్గర ఆగుదాం.’ హిందీలో చెప్పినా చాలు. పక్క జిప్సీ ఎటు ఉరికితే అటు ఉరికేవాళ్లకు దక్కేది దుమ్మే. ఇంజను ఆపితే అడవే కబురు చెబుతుంది. కొండముచ్చు చెట్టు మీంచి దగ్గినట్టు అరుస్తుంది. చుక్కల దుప్పి కీచుమంటుంది, కానీ అది పిరికిది, ఊరికే అరవడమూ ఉంది. కణితి గట్టిగా ‘ఢాంక్’ మన్నదంటే మాత్రం కదలకండి. ఒక్కసారి కాదు, ఆగి ఆగి అంటూనే ఉంటే పులి నడుస్తోందన్నమాట.

దారినీ చూడండి. టైరు గుర్తు మీద పంజా గుర్తు పడి ఉంటే బండి పోయాక పులి నడిచినట్టు. పంజా మీద టైరు పడితే అది పాత కబురు. ఎండాకాలంలో నీటిగుంట దగ్గర అదృష్టం కలిసొస్తే, పులి వెనక్కి వెనక్కి నడుస్తూ తోక ముందు తడుపుకుని నీళ్లలో కూర్చోవడం చూడొచ్చు. ముఖం మీద నీళ్లు పడటం దానికి గిట్టదంటారు గైడ్లు.

కనబడగానే ‘అదిగో’ అని లేవకండి. ఇరవై మీటర్లన్నా దూరం ఉండాల్సిందే. అది దారి దాటబోతుంటే జిప్సీని అడ్డం పెట్టమని అడగొద్దు. ఎలుగుబంటి, రేసుకుక్కల గుంపు, అడవిదున్న ఎదురైతే ‘పులి కాదులే’ అనకుండా కాసేపు ఆగండి. రేసుకుక్కలు కనబడటం కూడా తేలికేం కాదు.

గేటు మూసే వేళ దగ్గరపడ్డాక ‘ఇంకో ఐదు నిమిషాలు’ అని డ్రైవరును బతిమాలొద్దు. ఆలస్యమైతే మాటపడేది, పని పోగొట్టుకునేది ఆయనా, గైడూ. ఇద్దరూ పక్క ఊళ్లవాళ్లే. చేతిలో ఏదైనా పెట్టాలనుకుంటే పులి కనబడకపోయినా పెట్టండి.