సేతువు – రేవు

పాఠ్య పరిచయం

రామేశ్వర యాత్ర తెలుగువారికి తరతరాలుగా పరిచితమైనది. ఆ ద్వీపానికి పడవపై వెళ్లిన కాలం ఒకటి, వంతెనపై వెళ్తున్న కాలం మరొకటి. పాత దారి పోయి కొత్త దారి వచ్చినప్పుడు పాత దారిని నమ్ముకొన్నవారు ఏమయ్యారో తెలుపడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

‘సేతువు’ అనగా వంతెన. శ్రీరాముడు లంకకు వెళ్లడానికి వానరులు సముద్రంపై సేతువు నిర్మించారని రామాయణ కథ. అందువల్ల రామేశ్వర ప్రాంతానికి సేతువు అనే పేరు వచ్చింది. ఆ ప్రాంతాన్ని ఏలిన రామనాథపురం ప్రభువులకు ‘సేతుపతులు’ అని బిరుదు. పదిహేడవ శతాబ్ది తొలి సంవత్సరాలలో మధురను పాలించిన ముత్తుకృష్ణప్ప నాయకుడు సేతుపతి వంశాన్ని మళ్లీ నిలబెట్టి, రామేశ్వర యాత్రికులకు రక్షణ కల్పించే బాధ్యతను వారికి అప్పగించాడు. మధుర, కోయంబత్తూరు ప్రాంతాలలో స్థిరపడిన తెలుగువారి పూర్వులు చాలామంది విజయనగర, నాయకరాజుల కాలంలో ఈ నేలకు వచ్చినవారే.

అయితే ఇందులో ఒక చిత్రం ఉన్నది. సేతుపతులు కాపాడిన దారిలో యాత్రికులు నడిచి దాటడానికి సేతువు లేదు. మండపం దగ్గర నేల ముగుస్తుంది. ఎదురుగా పాంబన్ ద్వీపం. నడుమ సుమారు రెండు కిలోమీటర్ల సముద్రం. కాశీ నుండి గంగాజలం తెచ్చినవారైనా, మధుర మీనాక్షిని దర్శించి వచ్చినవారైనా ఇక్కడ ఆగి పడవ ఎక్కవలసిందే. 1902లో మధుర నుండి మండపం వరకు రైలు వచ్చింది. ఆ తరువాత కూడా రైలు దిగినవారు పడవ కోసం ఎదురుచూడవలసి వచ్చేది.

రేవు నడపడం తేలికైన పని కాదు. ఈ జలసంధిలో లోతు తక్కువ, రాళ్లు ఎక్కువ. ఏ వేళ ఏ వైపు ప్రవాహం లాగుతుందో, ఏ గాలికి తెరచాప దించాలో తండేలుకు తెలిసి ఉండాలి. ప్రయాణికులు నలుగురు వచ్చినా నలభైమంది వచ్చినా పడవకు అదే చుక్కాని, అదే తెరచాప, అదే కళాసీల కూలి. యాత్రికులు విరివిగా వచ్చే రోజుల కేవుతోనే జనం రాని రోజులను గడపాలి. సందులలో పీచు కూరడం, చెక్కలకు నూనె పట్టించడం, చిరిగిన చాపను కుట్టడం వంటి ఖర్చులు సెలవు ఎరుగవు.

1890లో మద్రాసు ప్రభుత్వం కాలువలకు, ప్రజా రేవులకు సంబంధించి ఒక చట్టం చేసింది. రేవు దాటడం ప్రజలందరి అవసరమని, దాని రుసుముపై అదుపు ఉండాలని ప్రభుత్వం గుర్తించినదనడానికి ఆ చట్టమే నిదర్శనం. రేవు ఒకరి వ్యాపారం మాత్రమే కాదు, ఊరందరి అవసరం కూడా. ఈ రెండింటినీ కలిపి నడపడంలోనే కష్టమంతా ఉన్నది.

ఇటువంటి స్థితిలో 1914 ఫిబ్రవరి 24న పాంబన్ రైలు వంతెన ప్రారంభమయింది. సముద్రంపై నిర్మించిన వంతెనలలో మన దేశంలో ఇదే మొదటిది. అలలకు భయపడకుండా, గాలికోసం కాచుకోకుండా యాత్రికులు పెట్టెలో కూర్చొని ద్వీపం చేరసాగారు. వృద్ధులకు, రోగులకు, పిల్లల తల్లులకు అది గొప్ప మేలు. అందులో సందేహం లేదు.

కాని రేవులో ఏమైంది? ప్రయాణికులు వంతెనపైకి వెళ్లారు, ఖర్చులు మాత్రం పడవలోనే ఉండిపోయాయి. రామేశ్వరంలో ఒక మరైక్కాయర్ కుటుంబం ఉండేది. ప్రధాన భూమికీ ద్వీపానికీ నడుమ యాత్రికులను దాటించడం, శ్రీలంకతో సరుకుల వర్తకం చేయడం వారి వృత్తులు. కొయ్య ఓడలను నడిపేవారు అనే అర్థంలో ఆ వంశానికి ‘మర కలం ఇయక్కివర్’ అనే పేరు ఉండేదని చెబుతారు. ఇందులోని ‘కలం’ మనకు కొత్త మాట కాదు. ఓడను ‘కలము’ అనడం తెలుగులోనూ ఉన్నది. ఒకప్పుడు సిరిసంపదలతో తులతూగిన ఆ కుటుంబం వంతెన వచ్చిన తరువాత వ్యాపారం దెబ్బతిని క్రమంగా ఆస్తులు పోగొట్టుకొంది. చివరకు పూర్వుల ఇల్లు మాత్రం మిగిలింది.

1931 అక్టోబరు 15న ఆ కుటుంబంలో ఒక బాలుడు జన్మించాడు. తండ్రి జైనులాబ్దీన్ మసీదులో ఇమాము. ఆయన చేయి ముడుచుకొని కూర్చోలేదు. రామేశ్వరం నుండి ధనుష్కోటికి యాత్రికులను చేరవేయడానికి తానే పూనుకొని ఒక కొయ్య పడవ కట్టించాడు. ఆ పడవ రూపుదిద్దుకోవడాన్ని బాలుడు దగ్గరుండి చూశాడు. కొంతకాలానికి ఒక పెనుగాలికి ఆ పడవ కొట్టుకుపోయింది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో రామేశ్వరం స్టేషనులో రైలు ఆగడం మానివేసింది. వార్తాపత్రికల కట్టలను కదిలే రైలు నుండి క్రిందికి విసిరేవారు. వాటిని అందుకొనే పనిలో బాలునికి మొదటి సంపాదన లభించింది. ఏ రైలు తన పూర్వుల రేవును ఖాళీ చేసిందో, ఆ రైలే అతనికి తొలి కూలి ఇచ్చింది. ఆ బాలుడే భారత రాష్ట్రపతి అయిన డాక్టర్ ఏ.పి.జె. అబ్దుల్ కలాం.

వంతెన ఒక రేవును మూసి మరొక రేవును తెరచింది. అంతకు ముందు మద్రాసు నుండి కొలంబో వెళ్లేవారు రైలులో తూత్తుకుడి చేరి అక్కడ ఓడ ఎక్కేవారు. 1914 తరువాత రైలు ధనుష్కోటి వరకు వెళ్లింది. అక్కడ నుండి తలైమన్నారుకు సుమారు 35 కిలోమీటర్ల దూరాన్ని స్టీమరులో దాటేవారు. ఓడకు అందే రైలు కనుక దానిని ‘బోట్ మెయిల్’ అన్నారు. ధనుష్కోటి కళకళలాడింది. అయితే లాభం కలిగినచోటు వేరు, నష్టం కలిగినచోటు వేరు. ధనుష్కోటి స్టీమరు మండపం పడవవాని అన్నం కాలేదు.

1964 డిసెంబరు 22 రాత్రి భయంకరమైన తుఫాను వచ్చింది. ధనుష్కోటి పట్టణం నాశనమయింది. ప్రయాణికులతో వస్తున్న రైలును సముద్రం మింగివేసింది. వందమందికి పైగా మరణించారు. పాంబన్ వంతెన గర్డర్లు చాలావరకు నీటిపాలయ్యాయి. దానిని బాగుచేసే బాధ్యత ముప్పైరెండేళ్ల ఇంజనీరు ఇ. శ్రీధరన్‌కు అప్పగించారు. సముద్రంలో పడిన గర్డర్లను వెలికితీయించి ఆయన 46 రోజులలో పని పూర్తిచేయించాడు. ఆ 46 రోజులు ద్వీపాన్ని ప్రధాన భూమితో కలిపినది మళ్లీ నీటిదారే. అనవసరమని తోచిన పడవ అవసరమైన రోజు అది. ధనుష్కోటి పోయాక తలైమన్నారు ఓడ రామేశ్వరం నుండి నడిచి, 1984లో నిలిచిపోయింది.

రైలు వంతెన వచ్చిన 74 సంవత్సరాలకు గాని ద్వీపానికి రోడ్డు రాలేదు. 1988 అక్టోబరు 2న రోడ్డు వంతెన ప్రారంభమయింది. ఇక ప్రయాణికుల పడవకు పని లేకుండా పోయింది. 2022 డిసెంబరులో, బలహీనపడిన పాత వంతెనపై రైళ్లు ఆపివేసినప్పుడు ఈ రోడ్డు వంతెనే ద్వీపవాసులను ఆదుకొన్నది. రెండవ దారి విలువ మొదటి దారి మూసుకొన్ననాడు తెలుస్తుంది. 2025 ఏప్రిల్ 6న కొత్త రైలు వంతెన ప్రారంభమయింది.

ఈ వంతెనలో గమనించదగిన విశేషం ఒకటి ఉన్నది. దాని నడిమి భాగం 72.5 మీటర్ల పొడవు. ఓడలు వచ్చినప్పుడు ఆ భాగం 17 మీటర్ల ఎత్తుకు లేస్తుంది. 1914నాటి వంతెనలోనూ నడిమి భాగం రెండు రెక్కలుగా విడిపోయి పైకి లేచేది. దానిని మనుషులే చేతులతో యంత్రం త్రిప్పి తెరిచేవారు. అంత పెద్ద ఇనుప వంతెన కూడా ఓడకు దారి ఇచ్చి నిలబడుతుంది.

మనుషుల విషయంలోనూ ఈ మర్యాద ఉండాలి. వంతెనవల్ల కలిగిన మేలు లక్షలమందికి అందింది. నష్టం మాత్రం రేవులోని కొద్ది కుటుంబాలపైనే పడింది. వంతెన వద్దనడం తెలివి కాదు. పడవవానిని మరచిపోవడం న్యాయం కాదు. ఊరికి మేలుచేసే పని తలపెట్టినవారు కట్టడానికి అయ్యే ఖర్చుతోపాటు, ఆ పనివల్ల కూలి పోగొట్టుకొనేవారి బ్రతుకును కూడా లెక్కలో చేర్చాలి. అప్పుడే అది అందరి సేతువు అవుతుంది.

అర్థాలు

రేవు = పడవలు ఆగే చోటు
కేవు = పడవ ప్రయాణానికి ఇచ్చే రుసుము
తండేలు = పడవ నడిపేవారి నాయకుడు
కళాసి = పడవలో పనిచేసేవాడు
జలసంధి = రెండు నేలల నడుమ ఇరుకైన సముద్రభాగం

అభ్యాసం

I. క్రింది ప్రశ్నలకు రెండు, మూడు వాక్యాలలో సమాధానాలు వ్రాయండి.
1. రామనాథపురం ప్రభువులకు సేతుపతులు అనే పేరు ఎందుకు వచ్చింది?
2. ప్రయాణికులు తగ్గినా రేవు ఖర్చులు ఎందుకు తగ్గవు?
3. 1964 తుఫాను తరువాత నీటిదారి ఎలా ఉపయోగపడింది?

II. క్రింది ప్రశ్నకు పదిహేను వాక్యాలలో సమాధానం వ్రాయండి.
పాంబన్ వంతెనవల్ల ఎవరికి మేలు జరిగింది? ఎవరికి నష్టం కలిగింది? వివరించండి.

III. సంధి విడదీసి పేరు వ్రాయండి.
రామేశ్వరం, ఏమైంది

IV. విగ్రహవాక్యం వ్రాసి సమాసం పేరు తెలుపండి.
సేతుపతి, గంగాజలం

V. ఇలా చేయండి.
మీ ఊరిలో కొత్త దారి, కొత్త వంతెన లేదా కొత్త యంత్రం వచ్చినప్పుడు ఏ వృత్తివారు పని కోల్పోయారో ఇంటిలోని పెద్దలను అడిగి తెలుసుకొని పది వాక్యాలు వ్రాయండి.