వెన్నెముక ఆపరేషన్ - మనస్సు పాత్ర

మా ఊళ్ళో నడుంనొప్పి అంటే నాట్లు వేసేవాళ్ళకీ, బస్తాలు మోసేవాళ్ళకీ వచ్చేది. కుర్చీలో కూర్చునేవాళ్ళకూ వస్తుందని మా అన్నను చూశాకే తెలిసింది. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక మాదాపూర్ చుట్టూ పెరిగిన కంప్యూటర్ కంపెనీల్లో ఒకదాంట్లో అతని ఉద్యోగం. నిరుడు డిస్కు జారి ఆపరేషన్ అయింది. కుట్లు మానాయి, స్కానింగ్ బాగుందన్నారు. అయినా రెండు నెలలు మంచం వదల్లేదు. "నడిస్తే మళ్ళా జారుతదేమోరా" అనేవాడు. నాయన పొలం వదిలి వచ్చి పక్కన కూర్చున్నాడు. లోపం ఎక్కడుంది? ఈ ప్రశ్నే నా చేత పుస్తకాలు తిరగేయించింది.

నొప్పి ఎక్కడ పుడుతుంది?

వెన్నుపూసల మధ్య మెత్తని దిండ్ల వంటి డిస్కులుంటాయి. డిస్కు జారి నరాన్ని నొక్కితే నొప్పి కాలిలోకి దిగుతుంది. ఆ నొక్కే భాగాన్ని సర్జను తొలగిస్తాడు. కత్తి పని అంతవరకే. నొప్పిని అనుభవించేది మెదడు. వెన్నుపాములో నొప్పి సంకేతాలకు ఒక ద్వారం వంటి ఏర్పాటు ఉందనీ, మెదడు దానిని తెరవగలదు, మూయగలదనీ 1965లో మెల్జాక్, వాల్ అనే శాస్త్రజ్ఞులు ప్రతిపాదించారు. మన చెరువు తూము వంటిదన్నమాట. వివరాలు తర్వాత మారినా మూలభావం నిలిచింది. దిగులు, నిద్రలేమి ఆ తూమును ఎత్తిపెడతాయి.

భయం చేసే చేటు

భయపడినవాడు కదలడు. కదలకపోతే కండరాలు సన్నగిల్లుతాయి. అప్పుడు కొంచెం కదిలినా నొప్పే, దాంతో భయం రెట్టింపు. ఈ విషవలయాన్ని 2000లో వ్లాయెన్, లింటన్ వివరించారు. ఆపరేషన్‌కు ముందే కుంగుబాటు ఉన్నవారిలో తర్వాత నొప్పి, అశక్తత ఎక్కువగా మిగులుతున్నట్లు అనేక పరిశీలనల్లో తేలింది. అలాగని వారికి ఆపరేషన్ వద్దని కాదు, వారికీ మేలు జరుగుతుంది. కాళ్ళు చచ్చుబడుతున్నా, మూత్రం మీద అదుపు తప్పినా ఒక్క పూట కూడా ఆగరాదు.

ముందే అడగవలసిన ప్రశ్న

అన్నకు రక్తం, షుగరు, గుండె అన్నీ పరీక్షించారు. "నిద్ర పడుతుందా బాబూ?" అని ఎవరూ అడగలేదు. ఉద్యోగం పోతుందేమోనని, ఇంటి అప్పు ఎట్లా తీర్చాలోనని అంతకుముందు ఎన్నో రాత్రులు అతను మేలుకొనే ఉన్నాడట. ఇంట్లో మేమైనా అడిగామా? పి.హెచ్.క్యూ.-9 అనే పత్రంలో ఉన్నవి 9 ప్రశ్నలే. 27 మార్కులకు 10 గానీ అంతకు మించి గానీ వస్తే డాక్టరు శ్రద్ధగా చూడాలి.

చివరకు మానసిక వైద్యుడి మాట, ఫిజియోథెరపీ కలిసి అన్నను లేపాయి. మొదటి రోజు పది అడుగులు. ఇప్పుడు దుర్గం చెరువు ఒడ్డున నడుస్తున్నాడు.

మిత్రులారా! రేపు మనలో చాలామంది ఆ కుర్చీల్లోకే వెళతాం. 2022లో మొదలైన టెలి మానస్ నంబరు 14416కు ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు. దుక్కి దున్నకుండా విత్తనం వేయం కదా! శరీరాన్ని కత్తికి అప్పగించే ముందు మనస్సునూ సిద్ధం చేద్దాం.