రాతి దుమ్ము, దగ్గు, కూలి చీటీ

"ఆయనకి దగ్గు మొదలై ఎన్నాళ్లయిందమ్మా?" అని అడిగితే ఇంటివాళ్లు నెలలు లెక్కపెట్టి మరీ చెబుతారు. "ఆయన ఏం పని చేస్తారు?" అంటే మాత్రం "కూలి పనమ్మా" అని ఊరుకుంటారు. ఏ కూలి, ఎక్కడ, ఎన్నేళ్లు అని మేము మళ్లీ మళ్లీ అడగాలి. ఈ పాఠం ఆ రెండో ప్రశ్న గురించే.

కొంతకాలం క్రితం ఒక తల్లి తన భర్తను మా దగ్గరకు తీసుకొచ్చింది. "టి.బి. మందులు రెండుమార్లు వాడినాం సిస్టరమ్మా, తగ్గనేదు" అంది. కళ్లె పరీక్షలో రెండుసార్లూ క్రిములు కనబడలేదు. అయినా మందులు ఇచ్చారు. ఆయన పన్నెండేళ్లు రాతి క్వారీలో డ్రిల్లింగు పని, ఆ తర్వాత క్రషరు దగ్గర పని చేశాడు. ఆ సంగతి పాత చీటీల్లో ఎక్కడా లేదు. ఎవరూ అడగలేదు, వీళ్లూ చెప్పలేదు. ఎక్స్‌రేలో రెండు ఊపిరితిత్తుల పైభాగంలోనూ చిన్న చిన్న గింజల్లాంటి మచ్చలు కనిపించాయి. డాక్టరుగారు సిలికోసిస్ అన్నారు.

సిలికోసిస్ అంటే ఏమిటి?

మన చుట్టూ ఉన్న కొండల రాయిలో పలుగురాయి, అంటే క్వార్ట్‌జ్, కలిసి ఉంటుంది. కొండ తొలిచినప్పుడు, రాయి పగలగొట్టినప్పుడు దాని దుమ్ము లేస్తుంది. కంటికి కనిపించే దుమ్ము ముక్కులోనే చాలావరకు ఆగిపోతుంది. కనిపించనంత సన్నని దుమ్మే ఊపిరితిత్తుల అడుగుకి చేరుతుంది. అక్కడి రక్షక కణాలు దాన్ని మింగుతాయి గాని అరిగించుకోలేక చచ్చిపోతాయి. ఆ చోట పుండు మానినట్లు గట్టి మచ్చ కడుతుంది. ఇలా వేల మచ్చలు కడితే ఊపిరితిత్తి గట్టిపడి గాలి పట్టదు. మామూలుగా ఇందుకు పది, ఇరవై ఏళ్లు పడుతుంది. దుమ్ము మరీ ఎక్కువైతే ఐదేళ్లలోపే రావచ్చు. పని మానేసిన తర్వాత కూడా జబ్బు పెరగవచ్చు. కట్టిన మచ్చలను కరిగించే మందు లేదు. ఈ మాట రోగి ఇంటివాళ్లకు చెప్పడం మాకు కష్టమే, కాని దాచిపెడితే వాళ్లు ఊరూరా తిరిగి అప్పులపాలవుతారు.

ఇది అంటువ్యాధి కాదు. కంచం, గ్లాసు వేరు చేయనక్కరలేదు. అయితే సిలికోసిస్ ఉన్నవారికి టి.బి. కూడా తేలికగా పట్టుకుంటుంది. అందుచేత దగ్గు ఎక్కువైనా, సాయంత్రం జ్వరం వచ్చినా, బరువు తగ్గినా మళ్లీ కళ్లె పరీక్ష చేయించాలి. టి.బి. అని తేలితే మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. పోషణ కోసం నెలకు 1000 రూపాయలు (2024 నవంబరుకి ముందు 500) రోగి ఖాతాలో వేస్తుంది. బీడీ, చుట్ట పూర్తిగా మానాలి. మొహానికి తువ్వాలు చుట్టుకుంటే సరిపోతుందని చాలామంది నమ్ముతారు. సన్నని దుమ్ముని తువ్వాలు ఆపదు. రాయి మీద నీళ్లు పోస్తూ డ్రిల్లు వేయడం, క్రషరుకి నీటి జల్లు పెట్టడం అసలైన మార్గం. మొహానికి ఆనుకుని ఉండే ఎన్95 మాస్కు ఆ తర్వాతి రక్ష. పని బట్టలు ఇంట్లో దులపకండి, తడిపి ఉతకండి.

మన దేశంలో ఈ జబ్బు గురించి మొదట్లో తెలిసింది కోలార్ బంగారు గనుల్లో. అక్కడ లోతుల్లో పనిచేసినవారిలో తెలుగువాళ్లూ, తమిళులూ ఎందరో. ఆ గనులు 2001లో మూతపడ్డాయి.

చీపురుపల్లి, గరివిడి వైపువారికి ఇంకో మాట. మాంగనీసు దుమ్ము ఏళ్ల తరబడి పీలిస్తే మెదడుకి పడుతుంది. ఊరికే నవ్వడం, ఏడవడం, మాట మెల్లబడడం, మొహం బిగుసుకోవడం, మునివేళ్ల మీద తడబడుతూ నడవడం దాని గుర్తులు. స్కాట్లండులో ఒక వైద్యుడు 1837లోనే దీన్ని రాసిపెట్టాడు. అలాంటి మనిషిని తాగుబోతు అనో, గాలి సోకిందనో అనుకోకుండా ఆసుపత్రికి తీసుకురండి.

క్వారీ కూడా గనే

చాలామందికి తెలియని సంగతి: చట్టం దృష్టిలో రాతి క్వారీ కూడా గని. 1952 నాటి గనుల చట్టం స్థానంలో 2025 నవంబరు 21 నుంచి వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్ వచ్చింది. దాని ప్రకారం పనివాడికి నియామక పత్రం ఇవ్వాలి, యజమాని ఖర్చుతో ఆరోగ్య పరీక్ష చేయించాలి. వారానికి 48 గంటలు దాటితే ఓవర్‌టైముకి రెట్టింపు కూలి. సిలికోసిస్, మాంగనీసు విషం రెండూ తప్పక తెలియజేయవలసిన జబ్బుల జాబితాలో ఉన్నాయి. పని వల్ల వచ్చిన జబ్బుకి పరిహారం అడిగే హక్కు ఉంది. ఒకే పనికి ఆడవారికి తక్కువ కూలి ఇవ్వకూడదని 1976 నుంచీ చట్టం ఉంది. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలను గనిలో పెట్టకూడదు. కాగితం మీద ఇన్ని ఉన్నా మేస్త్రీ మస్తరులో పేరే రాయకపోతే మనిషి అక్కడ పనిచేసినట్లు ఎలా రుజువవుతుంది? మా దగ్గరికొచ్చే కుటుంబాలు చిక్కుకునేది ఇక్కడే.

కాబట్టి ఆరోగ్యంగా ఉన్నప్పుడే కూలి చీటీ, గేటు పాసు, అడ్వాన్సు రాసిన కాగితం, బ్యాంకు పుస్తకం ఒక కవరులో పెట్టండి. ఏ క్వారీ, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం వరకు, ఏ పని అన్నది పిల్లల చేత నోటుబుక్కులో రాయించండి. ఎక్స్‌రేలు పారేయకండి. ఆసుపత్రికి వచ్చినప్పుడు అవన్నీ తెచ్చి, చీటీ మీద వృత్తి రాయమని డాక్టరుగారిని అడగండి. ఇక్కడ తేలకపోతే విశాఖలోని ప్రభుత్వ ఛాతీ ఆసుపత్రికి పంపుతాము. పరిహారానికి అర్జీ కార్మిక శాఖ కార్యాలయంలో ఇవ్వాలి. ఆలస్యం చేస్తే గడువు దాటిపోతుంది.

పైన చెప్పిన తల్లి దగ్గర ఒక్క కాగితమూ లేదు. మేస్త్రీ ఆయనెవరో తెలియదన్నాడు. ఆమె పాత తోటికూలీల ఇళ్లకు వెళ్లి, కలిసి పనిచేశామని రాయించుకొచ్చింది. ఇద్దరు వేలిముద్రలు వేశారు. మూడో ఆయన పని పోతుందని వేయలేదు. ఆయనకీ దగ్గు ఉందట. ఎక్స్‌రేకి రమ్మని ఆమె చేతే కబురు పంపాము.