హ్రస్వదృష్టి - దాచుకోవలసిన విషయం కాదు



ఈ హాస్టల్‌లో ఆరో తరగతిలో చేరి పదో తరగతి వరకు ఐదేళ్ళు ఉన్నాను. ఇప్పుడు ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నాను. వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి ఇమ్మని వార్డెన్ మేడం అడిగినప్పుడు ముందు ‘విద్య విలువ’ గురించి రాద్దామనుకున్నాను. కానీ ఆ వ్యాసం ప్రతి సంచికలోనూ ఉంటుంది. అందుకని నా చదువును రెండేళ్ళు వెనక్కి లాగిన ఒక విషయం గురించి రాస్తున్నాను. మీలో కొందరికి ఇప్పుడే అవసరం కావచ్చు.

ఏడో తరగతిలో నాకు బోర్డు మీది అక్షరాలు నీళ్ళలో తడిసినట్టు అలుక్కుపోయి కనబడేవి. అందరికీ అలాగే కనబడతాయనుకున్నాను. పక్కమ్మాయి నోట్సు చూసి ఎక్కించుకునేదాన్ని. 8 ని 3 అని రాసేదాన్ని, మైనస్ గుర్తులు వదిలేసేదాన్ని. లెక్కల సారు ఒకరోజు “కండ్లు ఏడ వెట్టుకున్నవ్?” అని తిట్టి చివరి బెంచీకి పంపారు. అక్కడికి వెళ్ళాక బోర్డు నాకు వట్టి నల్లటి పలకే. ఆ ఏడాది లెక్కల్లో 100 కి 31 వచ్చాయి. నాకు లెక్కలు రావు అని సారు నమ్మారు, నేనూ నమ్మాను.

రాత్రిపూట గేటు బయటి వీధిలైటు విచ్చిన పత్తికాయలా కనబడేది. ఎనిమిదో తరగతిలో ఒకరోజు, భోజనాలయ్యాక, తొమ్మిదో తరగతి అక్క ఒకామె కళ్ళద్దాలు సరదాకి తీసి పెట్టుకున్నాను. పత్తికాయ పోయి చిన్న బల్బు కనబడింది. దాని చుట్టూ తిరుగుతున్న ఉసిళ్ళు కూడా ఒక్కొక్కటీ కనబడ్డాయి. అప్పుడు తెలిసింది, లోపం బోర్డులో లేదు, నా తలలోనూ లేదు, కళ్ళలో ఉందని.

తెలిసిన వెంటనే అద్దాలు వచ్చాయనుకోకండి. సెలవులకు ఇంటికి వెళ్ళి చెబితే అమ్మ భయపడింది. “ఇప్పుడే అద్దాలొస్తే రేపు లగ్గమెట్లయితది బిడ్డా?” అంది. ఒకసారి పెట్టుకుంటే కళ్ళు ఇంకా పాడవుతాయి, జన్మలో వదలవు అని నాయినమ్మ అంది. బొంబాయిలో మేస్త్రీ పనికి పోయిన నాయిన ఫోనులో “చూద్దాం తియ్” అన్నాడు. నాకూ ‘సోడాబుడ్డి’ అంటారని సిగ్గుగా ఉండేది. అలా ఇంకో ఏడాది గడిచింది. తొమ్మిదో తరగతిలో ఆస్పత్రికి వెళ్ళేసరికి రెండు కళ్ళకూ మైనస్ 3 ఉంది.

ఇంతకీ ఈ మైనస్ ఏమిటి? పదో తరగతి చెల్లెళ్ళు భౌతికశాస్త్రంలో చదివే ఉంటారు. కంటిలోకి వచ్చిన కాంతి సరిగ్గా రెటీనా మీద కేంద్రీకృతం కావాలి. హ్రస్వదృష్టి ఉన్న కంట్లో దూరపు వస్తువుల ప్రతిబింబం రెటీనాకు ముందే ఏర్పడుతుంది. పుటాకార కటకం కాంతిని కొంచెం విడదీసి ఆ ప్రతిబింబాన్ని వెనక్కి, రెటీనా మీదికి జరుపుతుంది. ఆ కటక సామర్థ్యం రుణాత్మకం కాబట్టి మైనస్ అంటారు. ఇంతవరకు పరీక్షకు చాలు. పాఠంలో అంతగా నొక్కి చెప్పనిది ఒకటుంది. పిల్లల్లో ఎక్కువగా జరిగేది కనుగుడ్డు ముందు నుంచి వెనక్కి సాగడం. పుట్టినప్పుడు కనుగుడ్డు పొడవు సుమారు 17 మిల్లీమీటర్లు, పెద్దయ్యాక సుమారు 24. పెరుగుదల అక్కడ ఆగకుండా ఒక్క మిల్లీమీటరు, అంటే మీ స్కేలు మీద ఒక చిన్న గీత నుంచి పక్క గీతకు ఉన్నంత, ఎక్కువైతే చాలు, దాదాపు రెండున్నర డయాప్టర్ల మైనస్ వచ్చేస్తుంది.

సాగిన కన్ను మళ్ళీ కురచ కాదు. అందుకే ‘మైనస్‌ను తగ్గిస్తాం’ అని చెప్పే వ్యాయామాలను, మందులను నమ్మకండి. పెద్దయ్యాక చేసే లేజర్ ఆపరేషన్ కూడా కంటి ముందుభాగాన్నే సరిచేస్తుంది, పొడవును కాదు. పెరుగుతున్న వయసులో చేయగలిగింది ఒక్కటే, ఇంకా సాగకుండా నెమ్మది చేయడం. బడి వయసే ఆ సమయం. నేను పోగొట్టుకున్నదీ అదే.

మీ గరిష్ఠ దూర బిందువు ఎంతో మీరే సుమారుగా కొలుచుకోవచ్చు. అద్దాలు తీసి, ఒక కన్ను మూసుకుని, పుస్తకాన్ని మెల్లగా దూరం జరపండి. అక్షరాలు మసకబారే దూరాన్ని స్కేలుతో కొలవండి. 100 ను ఆ సెంటీమీటర్లతో భాగిస్తే మీ మైనస్ దాదాపుగా వస్తుంది. 50 సెంటీమీటర్లయితే మైనస్ 2. నాకిప్పుడు 15 సెంటీమీటర్లు, అంటే మైనస్ ఆరున్నర. ఇది ప్రయోగమే తప్ప వైద్య పరీక్ష కాదు. పిల్లల సిలియరీ కండరాలు చాలా చురుగ్గా సర్దుబాటు చేసుకుంటాయి కాబట్టి డాక్టర్లు చుక్కల మందు వేసి, కాసేపు కూర్చోబెట్టి తర్వాత కొలుస్తారు. ఆ రోజంతా పుస్తకం మసకగా ఉంటుంది, వెలుతురు గుచ్చుకుంటుంది. కంగారు పడకండి.

ఇక నాయినమ్మ మాట. అద్దాలు పెట్టుకుంటే చూపు పాడవుతుందా? పాడవదు. అద్దాలు పెట్టుకున్న పిల్లలకు ఏటా నంబరు పెరగడం చూసి జనం తప్పును అద్దాల మీదికి తోశారు. పెరిగేది కన్ను. 2002లో మలేసియాలో చేసిన ఒక అధ్యయనంలో కొందరు పిల్లలకు కావలసిన దానికంటే కావాలనే తక్కువ పవర్ అద్దాలు ఇచ్చి రెండేళ్ళు చూశారు. పూర్తి పవర్ పెట్టుకున్న వాళ్ళకంటే వీళ్ళకే మైనస్ ఎక్కువ పెరిగింది. కాబట్టి డాక్టరు రాసిన పవర్‌నే పెట్టుకోవాలి. అక్క పాత అద్దాలు చెల్లెలికి పనికిరావు.

అసలు రాకుండా చూసుకునే మార్గం ఉందా అంటే, చాలావరకు ఉంది, అదీ పైసా ఖర్చు లేనిది. 2015లో చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో 12 ప్రాథమిక పాఠశాలల్లో చేసిన ప్రయోగం ఫలితాలు వెలువడ్డాయి. సగం బళ్ళలో ఒకటో తరగతి పిల్లలకు రోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట పీరియడ్ పెట్టారు. మిగతా బళ్ళు మామూలుగా నడిచాయి. మూడేళ్ళ తర్వాత మామూలు బళ్ళలో 100 మందిలో 40 మందికి దగ్గరగా హ్రస్వదృష్టి కొత్తగా వస్తే, ఆరుబయట గడిపిన వాళ్ళలో 30 మందికి వచ్చింది. తైవాన్‌లో 2010 నుంచి బడిపిల్లలు రోజుకు 120 నిమిషాలు బయట ఉండాలని కార్యక్రమమే పెట్టారు. పగటి వెలుతురుకు రెటీనాలో డోపమైన్ అనే రసాయనం విడుదలై కనుగుడ్డు సాగడాన్ని అదుపు చేస్తుందని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. మన స్టడీ హాలు ట్యూబులైట్ల కింద వెలుతురు కొన్ని వందల లక్స్‌లే. ఎండలో పదివేలు దాటుతుంది. చెట్టు నీడలో కూడా గదిలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. కాబట్టి మిట్టమధ్యాహ్నం ఎండలో మాడనవసరం లేదు, సూర్యుణ్ణి అసలే చూడకూడదు. వేపచెట్టు కింద కూర్చున్నా, తాడాట ఆడినా, బట్టలు ఉతుక్కున్నా అది లెక్కలోకి వస్తుంది. అయితే ఇది రాకుండా ఆపడంలో పనిచేసినంత బాగా, వచ్చినదాన్ని నెమ్మది చేయడంలో పనిచేస్తుందని గట్టిగా రుజువు కాలేదు.

మన దగ్గర పరిస్థితి చూడండి. మా మహబూబ్‌నగర్ జిల్లా పల్లెల్లో 7 నుంచి 15 ఏళ్ళ పిల్లల్ని పరీక్షించి 2002లో ప్రచురించిన అధ్యయనంలో 100 మందిలో సుమారు నలుగురికి హ్రస్వదృష్టి ఉంది. అదే ఏడాది ఢిల్లీ పిల్లల లెక్క ఏడు దాటింది. 2015లో ఢిల్లీ బడిపిల్లల మీద వచ్చిన మరో అధ్యయనంలో 13. పల్లెపిల్లలకు మేలు చేసింది పొలాల గట్లేనేమో. పదో తరగతి పేరుతో మనం వదులుకునేది ముందుగా దాన్నే. సాయంత్రం ఆటల పీరియడ్‌లో పిల్లల్ని లోపల కూర్చోబెట్టి స్లిప్ టెస్టులు పెట్టడం నాకెప్పుడూ సరైన పనిగా అనిపించలేదు.

దగ్గరి చూపు సంగతి కొంచెమే. చాప మీద బోర్లా పడుకుని, పెట్టె మీద తల పెట్టుకుని చదివే అలవాటు మానండి. మోచేతిని గడ్డం కింద ఆనించి పిడికిలి చాపితే ఎంత దూరమో అంత దూరంలో పుస్తకం ఉండాలి. అరగంటకోసారి లేచి గేటు దాకా చూడండి. సెలవుల్లో ఫోను దొరికితే కూడా ఇదే సూత్రం.

వైద్యం గురించి మా అక్క కొడుకు విషయం చెబుతాను. వాడు నాలుగో తరగతి. నిరుడు టీవీకి మరీ దగ్గరగా పోయి నిలబడుతుంటే నేనే అనుమానపడి తీసుకెళ్ళాను. రెండు కళ్ళకూ మైనస్ ఒకటింబావు. ఈసారి ఇంట్లో ఎవరూ అడ్డు చెప్పలేదు. 2023లో కంటి వెలుగు శిబిరంలో అమ్మకు దగ్గరి చూపు అద్దాలు ఉచితంగా ఇచ్చారు. బియ్యంలో రాళ్ళు కనబడుతున్నాయని సంతోషపడ్డప్పటి నుంచి ఆమె భయం పోయింది. డాక్టరు అద్దాలతో పాటు, రోజూ పడుకునే ముందు కంటికి ఒక చుక్క, చాలా తక్కువ మోతాదు అట్రోపిన్ రాశారు. 2012లో సింగపూర్‌లో 0.01 శాతం చుక్కలు, 2019లో హాంకాంగ్‌లో 0.05 శాతం వరకు మోతాదులు పరీక్షించి, మైనస్ పెరగడాన్ని ఇవి నెమ్మది చేస్తాయని చూపించారు. ఏళ్ళ తరబడి వాడాలి, మధ్యమధ్య పరీక్షలకు వెళ్ళాలి, సొంతంగా ఆపకూడదు. ఏడాది తర్వాత మావాడికి మైనస్ ఒకటిన్నర ఉంది, అంటే పావు పెరిగింది. అది మందు వల్లేనని ఒక్కణ్ణి చూసి చెప్పలేను. పెరుగుదలను నెమ్మది చేసే ప్రత్యేకమైన కళ్ళద్దాలు కూడా వచ్చాయి గానీ వాటి ధర మనలాంటి వాళ్ళకు ఎక్కువ.

అట్రోపిన్ ఉమ్మెత్త మొక్కలో కూడా ఉంటుంది. అది విని ఎవరూ ఆకు పసరు కంట్లో పిండకండి. అది విషం. పొన్నగంటి కూర, మునగాకు, క్యారెట్ తినండి, విటమిన్ ఎ లోపంతో వచ్చే రేచీకటికి మంచివి. హ్రస్వదృష్టికి మాత్రం వాటితో సంబంధం లేదు.

మైనస్ 6 దాటినవాళ్ళు, అంటే నాలాంటివాళ్ళు, జాగ్రత్తగా ఉండాలి. సాగిన కంట్లో రెటీనా పలచబడుతుంది. నేను ఏడాదికోసారి రెటీనా పరీక్ష చేయించుకుంటాను. కంటి ముందు ఒక్కసారిగా మెరుపులు వచ్చినా, నల్లచుక్కలు పెరిగినా, ఒక పక్క నుంచి తెర దిగినట్టు అనిపించినా రెటీనా ఊడుతోందేమోనని అదే రోజు ఆస్పత్రికి వెళ్ళాలి.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఆరోగ్య బృందం బడికి వచ్చినప్పుడు చూపు పరీక్ష కూడా ఉంటుంది. ముందు నిలబడిన అమ్మాయి చదివింది విని అప్పజెప్పకండి. నేను ఏడో తరగతిలో అలాగే అప్పజెప్పి ‘నార్మల్’ అనిపించుకున్నాను!

మొన్న వచ్చినప్పుడు వరండాలో వంటగది గుమ్మం నుంచి ఆరు మీటర్లు టేపుతో కొలిచి సున్నంతో గీత గీశాను. అక్షరాల చార్టు వార్డెన్ మేడం బీరువాలో ఉంది. పగటి వెలుతురులో, గీత మీద నిలబడి, ఒక్కో కన్ను అరచేత్తో మూసుకుని చదవండి. నొక్కకూడదు. రెండు కళ్ళూ తెరిచి చదివితే ఒక కంటి లోపాన్ని రెండోది కప్పేస్తుంది. కింది వరసలు రానివాళ్ళు పేరు మేడంకు చెప్పండి, జిల్లా ఆస్పత్రికి పంపడానికి ఆమె ఒప్పుకున్నారు.