కౌన్సిల్‌ను తనిఖీ చేసేదెవరు?

ప్రశ్న: న్యూజిలాండ్‌లో ఇల్లు కట్టుకుంటున్నాం. ప్లాను ఆమోదించే కౌన్సిల్ పనితీరును ఎవరైనా పరీక్షిస్తారా?

జవాబు: తప్పకుండా. 2004 బిల్డింగ్ చట్టం ప్రకారం, ముందు ఐఏఎన్‌జెడ్ అనే సంస్థ నుంచి అక్రెడిటేషన్, ఆపై ప్రభుత్వ శాఖ ఎంబీఐఈ దగ్గర రిజిస్ట్రేషన్ ఉంటేనే కౌన్సిల్ అనుమతులివ్వాలి. గోడల్లోకి నీరు దిగి ఎన్నో ఇళ్లు కుళ్లిపోయాక వచ్చిన చట్టమిది. సిబ్బంది అర్హతలు, తనిఖీల తీరు, రికార్డులు, అనుమతికి 20 పనిదినాల గడువు, అన్నీ పరిశీలిస్తారు. ఇది కాగితపు తంతు కాదు: భూకంపాల తర్వాత పునర్నిర్మాణం ముమ్మరంగా సాగుతుండగానే, 2013 జూలైలో క్రైస్ట్‌చర్చ్ నగర కౌన్సిల్ అక్రెడిటేషన్ కోల్పోయింది. తిరిగి తెచ్చుకునేసరికి 2014 డిసెంబరైంది. ఆ కఠినత్వం మీలాంటివారికి రక్ష. మీ కౌన్సిల్ పేరు ఎంబీఐఈ రిజిస్టరులో చూసుకోండి. పని పూర్తయ్యాక కోడ్ కంప్లయన్స్ సర్టిఫికెట్ అడిగి తీసుకోండి. ఇల్లు అమ్మేటప్పుడు కొనేవాళ్లు అడిగేది అదే.